ఉప్పు తిన్నవాడు నీళ్లు త్రాగును

పెరటాసి నెల ప్రవేశించినదంటే మా తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో శనివారములకు కొత్త కళ వచ్చును. ఏడుకొండలవానిని తలచుకొని ఒంటిపూట భోజనము చేయు ఇండ్లు ఎన్నో కలవు. నుదుట నామములు దిద్దుకొని, చేత చెంబు పట్టుకొని, గోవిందనామము పలుకుచు పిల్లలు వీధి వీధి తిరిగి బియ్యము తెత్తురు. మధ్యాహ్నము స్వామికి తళిగ వేయుదురు. ఆ తళిగలో పులిహోర, వడ, దధ్యోదనము, అప్పడము ఉండవలసినదే.

అట్టి ఒక శనివారము గడచిన సోమవారమునాడు, నేను పాఠము చెప్పు పదవ తరగతిలో ఒక బాలిక ముఖము వాల్చుకొని కూర్చున్నది. చురుకైన పిల్ల. ఏమైనదని అడిగితే మొదట చెప్పలేదు. గంట కొట్టి అందరు వెళ్లిన తరువాత మెల్లగా చెప్పినది.

"సార్, ఎనిమిది దినాలు ఉప్పు ముట్టలేదు. కిలోన్నర తగ్గినా. మొన్న శనివారం ఒక్క పూట తళిగ తింటిని. ఈ పొద్దు చూస్తే మళ్లా కిలో పైన పెరిగిపోయినా. నా కష్టమంతా ఏట్లో కలిసిపాయె."

ఉప్పు తింటే లావెక్కుదురని ఎవరో ఆ పిల్లకు చెప్పినారట. ఎనిమిది దినములు ఆమె చప్పిడి సంగటి, చప్పిడి మజ్జిగ త్రాగి గడపినది. మందుల అంగడిలోని బరువు చూచు యంత్రము ఆమెకు మొదట వరమిచ్చినది, తరువాత శాపమిచ్చినది. ఇక అన్నమే మానివేయుదునని ఆమె నిశ్చయించుకొన్నట్లు మాటల ధోరణినిబట్టి నాకు తెలిసినది.

ఆ మాట వినగానే నాకు మా పెదనాయన జ్ఞాపకమునకు వచ్చినాడు. ఆయన కూడ పంతులే. బక్కపలుచని మనిషి. పండ్రెండు నెలలు ఆయన విస్తరిలో ఊరగాయ ఉండవలెను, ఉప్పులో ఊరిన మజ్జిగ మిరపకాయ ఉండవలెను, అన్నములో కలుపుకొన్న పప్పుపై మరల చిటికెడు ఉప్పు చల్లుకొనవలెను. ఇంటివారు వారించినచో నవ్వి, "నా తూకం యాభైయైదు కిలోలు దాటి ఎరగను. ఉప్పు నన్నేం చేస్తుందిరా అబ్బాయీ? అది లావుపాటోళ్ల బాధ" అనేవాడు. అరువది దాటిన కొన్నేండ్లకు ఒకనాటి తెల్లవారుజామున ఆయన కుడిచేయి, కుడికాలు చచ్చుబడినవి. రక్తపు పోటు ఎంతో హెచ్చియున్నదని వైద్యులు చెప్పినారు. అంతవరకు దానిని ఆయన ఎన్నడును చూపించుకొన్నవాడు కాడు. ముప్పది యేండ్లు నల్లబల్లమీద ముత్యములవంటి అక్షరములు వ్రాసిన చేయి ఆ తరువాత సుద్దముక్కను పట్టుకొనలేదు.

ఆ బాలిక ఉప్పు చేయని నేరమును ఉప్పుపై మోపినది. మా పెదనాయన అది చేయు నేరమును క్షమించినాడు. చూచుటకు ఇవి రెండు ఎదురుబొదురు పొరపాట్లు. కాని మూలము ఒక్కటే. ఇద్దరును ఉప్పు సంగతిని త్రాసును అడిగినారు. త్రాసు చెప్పగలిగినది ఒకటి, వారు తెలిసికొనవలసినది మరియొకటి. ఈ భేదము మన బడిపిల్లలకు తెలియుట అవసరమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

*

ముందు కాలరీ అనగా ఏమో చూతము. ఒక కిలో నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడిచేయుటకు పట్టు ఉష్ణమును ఆహారశాస్త్రములో ఒక కాలరీ అందురు. భౌతికశాస్త్రమువారు దీనినే కిలోకాలరీ అందురు. తిన్న పదార్థము దేహములో మెల్లగా దహింపబడి శక్తినిచ్చును. పొయ్యిలో కట్టె మండుటకును దేహములో అన్నము దహించుటకును తొందరలో భేదమేగాని తత్త్వములో భేదము లేదు. పందొమ్మిదవ శతాబ్దము చివరి దశాబ్దములలో అమెరికా రసాయనవేత్త విల్బర్ అట్వాటర్ ఆహారపదార్థములను పరీక్షించి ఒక లెక్క తేల్చినాడు. గ్రాము పిండిపదార్థమునకు 4 కాలరీలు, గ్రాము మాంసకృత్తులకు 4, గ్రాము క్రొవ్వునకు 9. నేటికిని లోకమంతట వాడుకలో నున్నది ఈ లెక్కయే.

మన దేశపు తిండిగింజలకు, కూరలకు ఈ లెక్క కట్టిన ఘనత నీలగిరులలోని కూనూరు ప్రయోగశాలది. అక్కడ 1918లో రాబర్ట్ మెక్కారిసన్ ఆరంభించిన పరిశోధన క్రమముగా పెరిగినది. 1937లో ఎక్రాయిడ్ ఆధ్వర్యమున భారతీయాహారముల పోషకవిలువల పట్టిక వెలువడినది. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చినది. బియ్యమునకు, రాగులకు, చెనక్కాయలకు ఇన్నేసి కాలరీలని మనము చెప్పుకొనునది ఇట్టి పట్టికలను చూచియే.

మరి ఉప్పునకు ఎన్ని కాలరీలు? ఒక్కటి కూడ లేదు. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, మన అవ్వల పొయ్యి చాలును. బిడ్డకు దిష్టి తీసి గుప్పెడు కల్లుప్పు నిప్పులలో వేసినప్పుడు అది చిటపటలాడుట అందరును చూచినదే. పాపిష్టి కన్ను పేలిపోయినదని అవ్వ సంతోషించును. నిజమునకు ఉప్పురాళ్ల నడుమ చిక్కుకొన్న రవంత నీరు వేడికి ఆవిరియై, బయటపడుటకు దారిలేక రాతిని పగులగొట్టును. మంటకు పచ్చని రంగు వచ్చుటకు ఉప్పులోని సోడియము కారణము. ఇంత హంగామా చేసియు ఉప్పు మాత్రము కాలదు. కాలనిది వేడినీయదు. పొయ్యిలో మండనిది పొట్టలోను మండదు. అది సోడియము, క్లోరిను కూడిన ఖనిజము. పిండి కాదు, మాంసకృత్తు కాదు, క్రొవ్వు కాదు. క్రొవ్వుగా మారు యోగ్యత దానికి లేదు. కనుక గుప్పెడు ఉప్పు తిన్నను, చిటికెడు తిన్నను కాలరీల చిట్టాలో దాని పద్దు సున్నయే.

*

ఉప్పు సున్న అయినంతమాత్రమున పోపులపెట్టె అంతయు సున్న కాదు. రుచికొరకు వేయువానిని మనము లెక్కలోనికి తీసికొనము. "ఏముంది, సంగటి, ఇంత చట్నీ" అందుము. సంగటి సంగతి సరే. నూరు గ్రాముల రాగిపిండికి సుమారు 320 కాలరీలు. ఆ 'ఇంత చట్నీ'ని విప్పి చూతము.

పసుపు, మిరపపొడి, ధనియాలు, మిరియాలు ఎండిన గింజలు, వేళ్లు, కాయలు. వీనిలో శక్తి లేకపోలేదు. కాని మనము వేయునది ఒకటి రెండు గ్రాములు. వెరసి పది కాలరీలకు అటునిటు. మిరపకారము తిన్నచో చెమట పట్టి క్రొవ్వు కరిగిపోవునని కొందరి నమ్మకము. కారము దేహపు వేడిని ఒకింత పెంచుట నిజమేగాని ఆ ఖర్చు స్వల్పము. దానిని నమ్మి మరి రెండు ముద్దలు తిన్నచో నష్టమే మిగులును. పది గ్రాముల చింతపండునకు ఇరువదియైదు, ముప్పది కాలరీలు. అది నలుగురు తిను పులుసునకు సరిపోవును గనుక తలకు లెక్కింపదగినది కాదు.

అసలు బరువు తిరగమాతలో ఉన్నది. పెద్ద చెంచాడు చెనక్కాయల నూనెకు సుమారు 120 కాలరీలు. ఆవాలు చిట్లినవా, కరివేపాకు వేగినదా అని చూతుమేగాని, బాణలిలో ఎన్ని చెంచాల నూనె పోసినామో చూడము. ముప్పది గ్రాముల చెనక్కాయలు నూరినచో 170 కాలరీలు. చిత్తూరు బెల్లము పది గ్రాములు తగిలించినచో మరి 38. చెంచాడు నేయికి 45. వంద గ్రాముల రాగిపిండి సంగటికి తోడుగా దండిగా చట్నీ వేసికొని, నేయి వేసికొన్నచో, ఆ ప్రక్కవాద్యము ఒక్కొక్కప్పుడు సంగటితో సరితూగును. చెనక్కాయలు చెడ్డవని నేననుట లేదు. మెట్టచేలలో కష్టించువానికి అవి బలము, బడిపిల్లలకు మాంసకృత్తులు. లెక్క వ్రాయునప్పుడు నూనెను, చెనక్కాయలను మరచి ఉప్పును మాత్రము దోషిగా నిలబెట్టుట న్యాయము కాదనుటయే నా వాదము.

*

ఉప్పులో కాలరీ లేనప్పుడు ఆ బాలిక ఎనిమిది దినములలో కిలోన్నర ఎట్లు తగ్గినది? త్రాసు అబద్ధమాడినదా? ఆడలేదు. తగ్గినది నిజమే. అయితే తగ్గినది క్రొవ్వు కాదు, నీరు.

ఉప్పు తిన్నవాడు నీళ్లు త్రాగక తప్పదని మన సామెత. తప్పు చేసినవాడు ఫలమనుభవించునను అర్థములో మనము దీనిని వాడుదుము. దేహధర్మములో ఇది అక్షరాల నిజము. మన రక్తములోను, కణముల చుట్టునుండు ద్రవములోను ఉప్పు ఒక పాళములో ఉండవలెను. ఆసుపత్రిలో నరమునకు ఎక్కించు సెలైను సీసాను చూడుడు. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. దేహద్రవముల పాళమునకు సరిపోవుటచేతనే ఆ కొలత నిర్ణయమైనది. అలవాటునకు మించి ఉప్పు తిన్నచో రక్తము ఉప్పనకాకుండ దేహము దాహము పుట్టించును, మూత్రపిండములచేత నీటిని పట్టి ఉంచును. అదనముగా 9 గ్రాముల ఉప్పు లోపల నిలిచినచో దానికి తోడు ఇంచుమించు ఒక లీటరు నీరు నిలుచును. లీటరు నీరనగా ఒక కిలో. మూత్రపిండములు కొలదిదినములలో ఆ హెచ్చు ఉప్పును, దానితో నీటిని బయటికి పంపివేయును. ఉప్పు తగ్గించినప్పుడు ఇదే కథ తిరుగుబడి నడచును. మొదటి వారములో నీరు పోయి ముల్లు దిగును. తరువాత దేహము కొత్త అలవాటునకు సరిపెట్టుకొని అక్కడనే ఆగును.

లెక్కల అయ్యవార్లు దీనిని వేరొక విధముగా నిరూపింపవచ్చును. ఒక కిలో దేహపు క్రొవ్వు కరుగుటకు సుమారు 7,700 కాలరీల లోటు రావలెను. కిలోన్నరకు 11,550. ఏడు దినములకు పంచినచో దినమునకు 1,650. పదునాలుగు, పదునైదేండ్ల ఆడపిల్లకు దినమునకు కావలసినది సుమారు 2,400 కాలరీలు. దానిలో మూడింట రెండువంతులు మానివేసిననేగాని ఒక వారములో అంత క్రొవ్వు పోదు. అట్లే ఒక్క పూట తళిగ తిని కిలో క్రొవ్వు కూడబెట్టుకొనుటయు అసాధ్యమే. దానికి తన అవసరమునకు మించి 7,700 కాలరీలు తినవలెను. శ్రీవారి తళిగ ఎంత పెద్దదైనను ఒక చిన్నపిల్ల పొట్టకు అంత శక్తి లేదు.

ఉప్పును కర్పూరముతో పోల్చి వేమన చెప్పిన పద్యము బడిలో కాలుపెట్టిన ప్రతి బిడ్డకును తెలియును. కంటికి ఒకటిగా కనబడు ఆ రెంటిని నాలుక వేరుచేయును. త్రాసునకు నీరును క్రొవ్వును అట్లే ఒకటిగా కనబడును. పాపము, త్రాసునకు నాలుక లేదు!

*

ఈ మాటకు మన కొండయే చక్కని సాక్ష్యమిచ్చును. అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల దారి. ఎక్కు ఎత్తు సుమారు 700 మీటర్లు. అరువది కిలోల మనిషిని అంత ఎత్తునకు చేర్చుటకు భౌతికశాస్త్రము చెప్పు పని నూరు కాలరీలకు లోపు. కాని మన కండరములు వ్యయించు శక్తిలో నాల్గవ వంతో, ఐదవ వంతో మాత్రమే పనిగా మారును, మిగిలినది వేడియై చెమటతో పోవును. కనుక ఎక్కుటకు 400 మొదలు 500 కాలరీలు ఖర్చగును. క్రొవ్వులో ఇది అరువది గ్రాములకు అటునిటు. అయితే క్రింద ఒకసారి, పైన ఒకసారి తూచినచో ఎండకాలములో కిలోవరకు తగ్గియుండవచ్చును. ఆ కిలోలో అరువది గ్రాములు పోగా తక్కినదంతయు చెమట. మోకాళ్ల పర్వతము దాటిన యాత్రికుడు చెంబెడు నీళ్లు త్రాగగానే ఆ బరువు తిరిగివచ్చును. రావలెను కూడ. రాకున్నచో ప్రమాదము.

కొండపైన ప్రసాదమైన లడ్డు తూకము సాధారణముగా 175 గ్రాములు. చెనగపిండి, చక్కెర, నేయి, జీడిపప్పు. గ్రామునకు నాలుగు కాలరీలకు తక్కువ కట్టుటకు వీలులేదు. అనగా ఒక్క లడ్డు 700 కాలరీలు. ఒంటరిగా ఒక లడ్డు తిన్నవాడు తాను ఎక్కిన మెట్లకన్న ఎక్కువే దిగమ్రింగినాడన్నమాట. ప్రసాదమును నలుగురికి పంచి, చిటికెడు నోట వేసికొనుమన్న పెద్దల ఆచారములో భక్తితోపాటు ఈ మేలును ఇమిడియున్నది.

స్వామి సన్నిధిలో తులాభారము కూడ కలదు. మ్రొక్కుకొన్నవారు బియ్యమో, బెల్లమో, చక్కెరయో, నాణెములో తమ ఎత్తు తూచి సమర్పింతురు. ఎనిమిది దినములు చప్పిడి తిని వచ్చి తూగిన భక్తుడు కిలోన్నర బెల్లము తక్కువ సమర్పించుకొనును. భక్తిలో తగ్గలేదు, క్రొవ్వులో తగ్గలేదు, నీళ్లలో తగ్గినాడు.

*

ఇంతవరకు ఉప్పు పక్షమున వాదించినాను. ఇకమీద ఎదుటి పక్షము.

ఉప్పు తాను కాలరీ తేదు గాని, తెచ్చువానిని వెంటబెట్టుకొనివచ్చును. ఒట్టి అన్నమును ఎవరును రెండవ మారు వడ్డించుకొనరు. ఊరగాయ నంజుకొన్నచో గరిటె తరువాత గరిటె దిగును. ఉప్పు, కారము, నూనె కలిసిన బొరుగుల పొట్లము చేతికి వచ్చినచో అడుగు కనబడువరకు చేయి ఆగదు. 2016లో ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయము పరిశోధకులు ప్రకటించిన ఒక పరీక్షలో 48 మందికి ఒకే వంటకమును ఉప్పు తగ్గించి, ఉప్పు వేసి, క్రొవ్వు తగ్గించి, క్రొవ్వు వేసి వేర్వేరు దినములలో పెట్టినారు. ఉప్పు సరిపడ వేసిననాడు వారు సుమారు నూటికి పదునొకండు వంతులు ఎక్కువ తిన్నారు. బరువునకును ఉప్పునకును నిజమైన చుట్టరికము ఇక్కడ ఉన్నది. అది రక్తసంబంధము కాదు, స్నేహము.

ఉప్పు లేని కూడు ఎంత కష్టమో మన పురాణకారులు ఎరుగుదురు. కుంభకోణము చెంత తిరునాగేశ్వరములో వెలసిన ఉప్పిలియప్పన్‌కు నేటికిని ఉప్పు లేని నైవేద్యము. భూదేవి బాలికయై మార్కండేయ మహర్షి ఇంట పెరుగుచుండ స్వామి వచ్చి పెండ్లికి అడిగినాడట. "మా బిడ్డ చిన్నది, వంటలో ఉప్పు వేయుటయైన తెలియదు" అని ఋషి తప్పుకొనజూచినాడట. "ఉప్పు లేకున్నను తిందును" అని స్వామి మాట ఇచ్చినాడట. అంతటి త్యాగము దేవుడు చేసినాడని చెప్పుకొనుటలోనే మనుష్యులకది దుస్సాధ్యమను ఒప్పుకోలు ఉన్నది.

మనుష్యులచేత చేయించిన వైద్యుడు కూడ ఒకడు ఉన్నాడు. జర్మనీనుండి అమెరికాకు వలసవచ్చిన వాల్టర్ కెంప్నర్ 1939 మొదలు డ్యూక్ విశ్వవిద్యాలయములో రక్తపు పోటు, మూత్రపిండముల జబ్బు ముదిరిన రోగులకు అన్నము, పండ్లు, చక్కెర మాత్రము పెట్టి, ఉప్పును పూర్తిగా తొలగించినాడు. మంచి మందులు లేని ఆ కాలములో పలువురి పోటు దిగినది. బరువును తగ్గినది. తగ్గిన బరువులో మొదటిది నీరు, ఆపైన తిండి తగ్గినందున పోయిన క్రొవ్వు. అది వైద్యుని కనుసన్నలలో జరిగిన కఠిన చికిత్స. ఇంటిలో తమంతట తాము చేయదగినది కాదు. కాని చప్పిడి కూడు రక్తనాళములకు చేయు మేలును లోకము అక్కడ కన్నులార చూచినది.

మా పెదనాయన కథకు సమాధానము ఇందులోనే ఉన్నది. ఉప్పు బరువు పెంచుట వలన పోటు పెంచదు. 2001లో అమెరికాలో ప్రకటితమైన ఒక ప్రసిద్ధ పరీక్షలో 412 మందికి మూడు మోతాదులలో ఉప్పు గల ఆహారము పెట్టినారు. వారి బరువు మారకుండునట్లు కాలరీలను సవరించుచు వచ్చినారు. బరువు కదలలేదు. ఉప్పు తగ్గినకొలది రక్తపు పోటు మాత్రము తగ్గినది. త్రాసు మౌనముగా ఉన్నప్పుడును రక్తనాళములు ఉప్పుతో మాటలాడుచునే ఉండునని దీనివలన తేలినది. బక్కవానికి మినహాయింపు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పు హద్దు పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు లోపు. తలకొట్టి కొలిచిన ఒక చిన్న చెంచాడు. మన ఆంధ్రప్రదేశములో మూత్రపరీక్షల ద్వారా లెక్కించి 2017లో ప్రకటించిన ఒక పరిశోధనలో సగటున తలకు సుమారు తొమ్మిదిన్నర గ్రాములు తేలినది. ఇంచుమించు రెండింతలు. పోటు ఏ నొప్పియు లేకుండ పెరుగును. అందుచేతనే దానిని త్రాసుతో కాదు, చేతికి పట్టీ చుట్టి చూచు పరికరముతో కనిపెట్టవలెను.

*

అట్లని ఉప్పును ఇంటినుండి వెళ్లగొట్టుమని నా అభిప్రాయము కాదు. నరములలో వార్త నడచుటకు, కండరము కదలుటకు సోడియము కావలెను. ఎండలో చెనక్కాయలు పెరుకు కూలివాని చెమటతో నీరే కాక ఉప్పును పోవుచున్నది. ఆ పేదవానికి గాలి, నీరు తరువాత ఉప్పే అవసరమని వాదించి గాంధీమహాత్ముడు 1930 ఏప్రిల్ 6న దండి తీరమున ఉప్పు చేతబట్టినాడు. మన దేశములో 1962లో ఆరంభమైన గలగండ నివారణ కార్యక్రమము అయొడినును ఇంటింటికి చేర్చుటకు ఎన్నుకొన్న వాహనము ఉప్పే. ఎదుగు పిల్లలు దానిని పూర్తిగా మానుట ప్రమాదకరము. సోడియములో కొంతభాగమునకు బదులు పొటాసియము కలిపిన ఉప్పును చైనాలో 600 గ్రామములలో వాడి చూడగా పక్షవాతములు నూటికి 14 వంతులు తగ్గినట్లు 2021లో ప్రకటించినారు. అయితే మూత్రపిండముల జబ్బు గలవారికి ఆ ఉప్పు హాని చేయవచ్చును గనుక వైద్యుని అడుగక వాడరాదు.

ఉపాధ్యాయమిత్రులకు ఒక మనవి. పదవ తరగతివారికి ఈ లెక్క ఇచ్చి ఇంటికి పంపుడు. కిలో ఉప్పు పొట్లము విప్పిననాడు దానిపై తేది వ్రాయవలెను. నలుగురు గల ఇంటిలో తలకు 5 గ్రాముల వంతున దినమునకు 20 గ్రాములు. కిలో పొట్లము 50 దినములు రావలెను. 25 దినములకే అడుగంటినచో ఆ ఇంట తలకు 10 గ్రాములు పోవుచున్నవి. ఊరగాయలు, అప్పడములు, అంగడి పొట్లములు దీనికి అదనము. అట్లే నూనె డబ్బాపై కూడ తేది వ్రాయింపుడు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు, అనగా 8,000 కాలరీలకు మించినది. అది ఎన్ని దినములకు, ఎందరికి వచ్చినదో భాగించి చూపుడు. ఉప్పు పొట్లము రక్తపు పోటు చిట్టా, నూనె డబ్బా కాలరీల చిట్టా. రెండు చిట్టాలను కలిపి వ్రాయకుండుట నేర్పినచో చాలును.

ఆ సోమవారము సాయంకాలము ఆ బాలికచేత నల్లబల్లమీద 7,700ను కిలోన్నరతో హెచ్చవేయించి ఏడుతో భాగింపజేసినాను. విడి వచ్చిన తరువాత ఆమె చాలసేపు దానినే చూచినది. "అయితే నేను తగ్గనూలేదు, పెరగనూలేదా సార్?" అన్నది. అవునన్నాను. నీవు పదవ తరగతి పిల్లవు, నీ ఎత్తునకు నీ బరువు తగియున్నది, అనుమానమున్నచో ఆరోగ్య కేంద్రమునకు మీ అమ్మతో వెళ్లి అడుగుమన్నాను. మరునాడు మధ్యాహ్నము బడి భోజనములో అందరితోపాటు ఆమెయు పప్పన్నము తినుచుండగా చూచినాను.

ఇంటికి వచ్చి మా పెదనాయన వద్ద కూర్చొని ఈ కథ చెప్పినాను. ఆయన మాట ఇప్పుడు ముద్దముద్దగా వచ్చును. అంతయు విని, ఎడమచేతితో తన ప్రక్కనున్న చప్పిడి మజ్జిగ గ్లాసును చూపి, "ఆ పాపకు చెప్పినట్టు నాకెవరన్నా ముందే లెక్క చేసి చూపించింటే బాగుండును రా" అన్నాడు. ముప్పది యేండ్లు ఊరిపిల్లలందరికి లెక్కలు చెప్పినవాడు ఆయన.